మానోటిక్ మిల్లు దెయ్యం కథ మీద నా అభ్యంతరం

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కెనడా రాజధాని ఒటావా మీద వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. ఈ ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లం కాబట్టి మా ఊరి గురించి మీ పత్రికలో ఏం వచ్చినా ఒకరికొకరం పంపుకుంటాం. ఫొటోలు బాగున్నాయి. రిడో కాలువ గురించి రాసింది కూడా బాగుంది. రెండు పేరాలు మాత్రం నన్ను బాధపెట్టాయి. ఒకదాంట్లో నగరానికి దక్షిణాన ఉన్న మానోటిక్‌లో పాత పిండిమిల్లు గురించి, అందులో తిరిగే ఆడ దెయ్యం గురించి రాశారు. సరదాకి ఒకసారి వెళ్లి రావలసిన చోటని చెప్పారు. ఇంకోదాంట్లో 24 సస్సెక్స్ డ్రైవ్‌లోని ప్రధాని అధికార నివాసం పాడుబడి, ఎలుకలు చేరి మూతబడిందని రాశారు. అదీ నిజమే. కానీ ఈ రెండు కట్టడాల వెనకా ఉన్నది ఒకే మనిషి. ఆయన పేరు మీ వ్యాసంలో ఎక్కడా లేదు. దెయ్యమని మీరు రాసిన ఆమెకు కూడా అందులో పేరు లేదు.

ఆయన పేరు జోసెఫ్ మెరిల్ కరియర్. కలప వ్యాపారి. ఒటావా నుంచి చాలా కాలం చట్టసభలో కూర్చున్న రాజకీయ నాయకుడు. ఆమె పేరు ఆన్ క్రాస్బీ. ఆయన రెండో భార్య. 1861 మార్చిలో, పెళ్లయిన కొద్ది వారాలకే, భర్తకు వాటా ఉన్న మిల్లులో యంత్రానికి చిక్కి చనిపోయింది.

ఇంత పెద్ద ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. నేను ఆంటారియో రాష్ట్రంలో ఫ్యాక్టరీ యంత్రాల భద్రత పరిశీలించే ఇంజినీరుని. ఇక్కడ చాలా రకాల యంత్రాలను కొత్తగా నడపడానికి ముందు ఒక ఇంజినీరు వెళ్లి చూసి, తిరిగే భాగాలకు గార్డులు, అంటే రక్షణ మూతలు, సరిగ్గా ఉన్నాయో లేదో రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకాలు పెట్టేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఆ పేరా చదివినప్పుడు నాకు దెయ్యం కనిపించలేదు. గార్డు లేని షాఫ్టు, అంటే యంత్రాల్ని తిప్పే ఇనుప కడ్డీ, ఒకటి కనిపించింది.

ముందు ఆ మనిషి గురించి. కరియర్ 1820లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దుకు ఆనుకుని ఉన్న నార్త్ ట్రాయ్ అనే ఊళ్లో పుట్టాడు. 1837లో, పదిహేడేళ్ల వయసులో, సరిహద్దు దాటి పని వెతుక్కుంటూ వచ్చాడు. ఒటావా నదికి ఉత్తరాన బకింగ్‌హామ్‌లో కలప మిల్లుల దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత రిడో నది ఒటావా నదిలోకి దూకే చోట, న్యూ ఎడిన్‌బరోలో, థామస్ మెకే అనే పెద్ద కాంట్రాక్టరు దగ్గర మేనేజరుగా చేరాడు. మెకే అంటే ఒటావాలో రిడో కాలువ మొదట్లో ఉన్న లాకుల్ని రాతితో కట్టినవాడు. ఇప్పుడు కెనడా గవర్నర్ జనరల్ ఉంటున్న రిడో హాల్ కూడా ఆయన తన కోసం కట్టుకున్న ఇల్లే. అలాంటివాడి దగ్గర పనిచేసిన కుర్రాడికి నీళ్లను ఎలా వాడుకోవాలో, మిల్లును ఎలా నడపాలో బాగా వంటబట్టి ఉంటుంది. తర్వాత సొంతంగా వ్యాపారంలోకి దిగాడు. నదికి అటువైపు హల్‌లో భాగస్వాములతో కలిసి సా మిల్లు నడిపాడు.

ఒటావా అనే ఊరు కలప మీదే పెరిగిందని మీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం వెనక చాలా ఉంది. నెపోలియన్ 1806 చివర్లో యూరప్ రేవుల్ని బ్రిటన్‌కు మూసేసే పనిలో పడ్డాడు. బాల్టిక్ నుంచి బ్రిటన్‌కు వచ్చే ఓడ కలప కష్టమైంది. దాంతో బ్రిటన్ చూపు కెనడా అడవుల మీద పడింది. సరిగ్గా అదే ఏడాది, 1806లో, హల్‌లో స్థిరపడ్డ ఫిలెమోన్ రైట్ అనే మసాచుసెట్స్ రైతు తన మొదటి కలప తెప్పను ఒటావా నది మీదుగా క్యుబెక్ రేవుకు నడిపించాడు. జూన్‌లో బయల్దేరి ఆగస్టులో చేరాడు. ఆ దారి తెరుచుకున్నాక వందేళ్లపాటు ఆ నది మీద దుంగలు ఆగలేదు.

మొదట్లో వ్యాపారమంతా చదరపు దూలాలదే. అంటే వైట్ పైన్ చెట్టును అడవిలోనే నరికి, గొడ్డళ్లతో నాలుగు వైపులా చెక్కి దూలంగా చేస్తారు. అలా అయితే ఓడలో సందు లేకుండా పేర్చవచ్చు. కానీ చెక్కి పారేసిన కలప అంతా అడవిలోనే ఎండి, నిప్పు రవ్వ పడితే అంటుకోవడానికి సిద్ధంగా ఉండేది. చలికాలమంతా మగవాళ్లు అడవిలో షాంటీలనే దుంగల గుడిసెల్లో ఉండి చెట్లు నరికేవాళ్లు. తిండి ఎక్కువగా పంది మాంసం, చిక్కుడు గింజలు, రొట్టె, టీ. మంచు కరిగి వాగులు పొంగినప్పుడు దుంగల్ని నీళ్లలోకి తోసేవాళ్లు. దుంగలు ఎక్కడైనా ఇరుక్కుంటే వాటి మీదే నిలబడి కొక్కేలతో విడదీసేవాళ్లు. కాలు జారితే అంతే. వాళ్లలో ఫ్రెంచ్ కెనడియన్లు, ఐరిష్‌వాళ్లు ఎక్కువ. నది ఒడ్డున ఎక్కడ పోతే అక్కడే పూడ్చిపెట్టిన మనుషులు వాళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ వీధికీ పెట్టలేదు.

పెద్ద నదిలోకి వచ్చాక దూలాల్ని క్రిబ్బులనే చిన్న తెప్పలుగా, క్రిబ్బుల్ని పెద్ద తెప్పగా కట్టేవాళ్లు. ఒక్కో తెప్పలో వంద దాకా క్రిబ్బులు ఉండేవి. దాని మీదే వంట, దాని మీదే నిద్ర. ఒటావా నగరం పక్కనున్న షోడియేర్ జలపాతం దగ్గర తెప్ప విప్పి, జారుడు కాలువలోంచి ఒక్కో క్రిబ్బునూ కిందికి వదిలి, మళ్లీ కట్టుకునేవాళ్లు. ఆ జారుడు కాలువను రైట్ కుటుంబమే 1829లో మొదలుపెట్టింది. 1860లో బ్రిటన్ యువరాజు పార్లమెంటు భవనానికి శంకుస్థాపన చేయడానికి వచ్చినప్పుడు ఆయన్ని కూడా క్రిబ్బు మీద ఎక్కించి అందులోంచి జారనిచ్చారు.

కరియర్ తరం వచ్చేసరికి వ్యాపారం మారింది. 1854లో అమెరికాతో కుదిరిన రెసిప్రాసిటీ ఒప్పందం వల్ల కలప పన్ను లేకుండా దక్షిణానికి పోయేది. అమెరికా నగరాలు ఇళ్లు కట్టుకోవడానికి పలకలు అడిగాయి, దూలాలు కాదు. పలకలంటే సా మిల్లు ఉండాలి, మిల్లుకు నీటి శక్తి ఉండాలి. బ్రాన్సన్, పెర్లీ, ఎడ్డీ లాంటి అమెరికన్లు షోడియేర్ చుట్టూ చేరింది ఆ రోజుల్లోనే. కరియర్ వాళ్లకంటే ముందే వచ్చినవాడు. 1855 దాకా బైటౌన్ అని పిలిచిన ఆ మురికి కలప ఊరు ఒటావా అయింది. 1857లో విక్టోరియా రాణి దాన్నే రాజధానిగా ఎంచింది.

ఇక మానోటిక్. మాస్ కెంట్ డికిన్‌సన్ అనే ఆయనకు రిడో కాలువ మీద సరుకు పడవలు, స్టీమర్లు ఉండేవి. ఆయన్ని 'రిడో రాజు' అనేవాళ్లు. తర్వాత ఒటావా మేయరు కూడా అయ్యాడు. కాలువ కట్టినప్పుడు మానోటిక్ దగ్గరి లాంగ్ ఐలాండ్ దగ్గర వేసిన ఆనకట్ట వల్ల అక్కడ నీటి ఒత్తిడి బాగా ఉంది. డికిన్‌సన్, కరియర్ కలిసి 1860లో అక్కడ రాతి పిండిమిల్లు కట్టారు. నది అడుగున టర్బైన్లు తిరుగుతాయి. వాటి నుంచి నిలువు షాఫ్టులు పైకి వస్తాయి. పళ్లచక్రాలూ బెల్టులూ ఆ శక్తిని ఒక్కో అంతస్తుకూ అందిస్తాయి. ఆ కాలానికి అది చాలా మంచి ఇంజినీరింగ్. ఇప్పటికీ ఆ మిల్లు పని చేస్తుంది. వేసవి ఆదివారాల్లో గోధుమలు పిండి పట్టి చూపిస్తారు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించవలసిన చోటే. నేను మా అమ్మాయిని తీసుకెళ్లాను.

1861 జనవరిలో కరియర్ ఆన్ క్రాస్బీని పెళ్లి చేసుకున్నాడు. ఆమెది న్యూయార్క్ రాష్ట్రంలో లేక్ జార్జ్ ప్రాంతం. పెళ్లి ప్రయాణం ముగించుకుని వచ్చాక మార్చిలో మిల్లుకు ఏడాది నిండిన సందర్భంగా వేడుక చేశారు. కొత్త పెళ్లికూతుర్ని తీసుకెళ్లి మిల్లంతా చూపించారు. పై అంతస్తులో తిరుగుతున్న షాఫ్టుకు ఆమె గౌను అంచు చిక్కుకుంది. షాఫ్టు ఆమెను లాగి పక్కనున్న స్తంభానికి విసిరికొట్టింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

ఇందులో అంతుచిక్కనిది ఏమీ లేదు. తిరిగే షాఫ్టు చూడటానికి నున్నగా, నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది. అదే దాని ప్రమాదం. పళ్లచక్రాన్ని చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది, షాఫ్టును చూస్తే వేయదు. గుడ్డ అంచు దానికి ఒక్కసారి తగిలి ఒక చుట్టు పడిందంటే, రెండో చుట్టు మొదటి చుట్టును బిగిస్తుంది. షాఫ్టు మీద చిన్న స్క్రూ తలో, చక్రాన్ని బిగించే కీ అంచో బయటికి పొడుచుకుని ఉంటే ఇంకా త్వరగా పట్టేస్తుంది. మనిషి కేక వేసేలోపే అయిపోతుంది. కింద నీళ్లు ఆపితే తప్ప షాఫ్టు ఆగదు. పై అంతస్తులో నిలబడ్డవాళ్లకు దాన్ని ఆపే దారే ఉండదు. పైగా అది హూప్ స్కర్టుల కాలం. ఉక్కు తీగల చట్రం మీద నేల దాకా వెడల్పుగా పరుచుకునే గౌన్లు. వేసుకున్న మనిషికి తన గౌను అంచు ఎక్కడుందో కూడా తెలియదు. ఇంగ్లండ్‌లో మిల్లు యజమానులు కొందరు ఆ కాలంలోనే పనికి వచ్చే ఆడవాళ్లను హూపులు ఇంట్లో వదిలేసి రమ్మని చెప్పారు. అంటే ఈ ప్రమాదం ముందే తెలిసినది.

ఇంకా ముఖ్యమైనది ఇది. బ్రిటన్‌లో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టమే బట్టల మిల్లుల్లో షాఫ్టులకు, పళ్లచక్రాలకు కంచె వేయాలని చెప్పింది. ఆన్ చనిపోయే నాటికి ఆ చట్టానికి పదిహేడేళ్లు. ఒక చెక్క పెట్టె కట్టి షాఫ్టును మూసి ఉంటే ఆమె బతికేది. చెక్కకు కరువు లేని మనుషుల మిల్లు అది.

కరియర్ ఆ తర్వాత మానోటిక్ వదిలేశాడు. తన వాటాను డికిన్‌సన్‌కు ఇచ్చేశాడు. దుఃఖం నిజమైనదని నేను నమ్ముతాను. మొదటి భార్యనూ అంతకుముందే పోగొట్టుకున్నవాడు. కానీ ఆంటారియోలో యంత్రాలకు గార్డులు తప్పనిసరి చేసిన ఫ్యాక్టరీ చట్టం వచ్చింది 1884లో. అంటే ఆన్ పోయిన ఇరవై మూడేళ్లకు. యాదృచ్ఛికమే కావచ్చు, కరియర్ చనిపోయినదీ ఆ సంవత్సరమే. ఈ మధ్య కాలంలో ఎంతమంది మిల్లు కూలీల చేతులు, జుట్లు, చొక్కాలు అలాంటి షాఫ్టులకు చిక్కాయో తలుచుకుంటే నాకు మనసు ఊరుకోదు. వాళ్లెవరికీ దెయ్యం కథ కూడా లేదు. యజమాని భార్య కాబట్టి ఆన్ చావు జనానికి గుర్తుండిపోయింది.

మేం మిల్లుకు వెళ్లిన రోజు మా అమ్మాయి నన్ను చెయ్యి పట్టుకుని అడిగింది, "అమ్మా, ఆ ఆంటీ ఇంకా పైనే ఉందా?" అని. లేదమ్మా, ఆమె చనిపోయింది, ఇదిగో ఈ రాడ్డు మీద మూత లేకపోవడం వల్ల, అని చూపించాను. పిల్లలకు అలా చెబితే అర్థమవుతుంది. భయపడరు కూడా. ఒక వస్తువు వల్ల జరిగింది, దాన్ని సరిచేయవచ్చు అని తెలుస్తుంది. దెయ్యం అని చెబితే ఎవరి బాధ్యతా లేకుండా పోతుంది.

ఇప్పుడు రాజకీయం. 1863లో కరియర్ ఒటావా నుంచి కెనడా ప్రావిన్స్ శాసనసభకు ఎన్నికయ్యాడు. అప్పటికి సభ ఇంకా క్యుబెక్ నగరంలోనే సమావేశమయ్యేది. 1866లో ఒటావాకు వచ్చింది. 1867లో నాలుగు ప్రావిన్సులతో కొత్త కెనడా ఏర్పడ్డప్పుడు పార్లమెంటు దిగువ సభ అయిన మొదటి కామన్స్ సభలో ఒటావా సభ్యుడు ఆయనే. కెనడా మొదటి ప్రధాని జాన్ ఎ. మెక్‌డోనాల్డ్ పక్షం మనిషి. 1872 నుంచి ఒటావాకు ఇద్దరు సభ్యులు. అప్పుడూ గెలిచాడు, 1874లో ఆయన పార్టీ దేశమంతా ఓడినప్పుడు కూడా గెలిచాడు. 1882 దాకా కొనసాగాడు.

మధ్యలో 1877 నాటి గొడవ ఉంది. దాని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పార్లమెంటు స్వతంత్రతను కాపాడే చట్టం ప్రకారం సభ్యుడు ప్రభుత్వంతో కాంట్రాక్టు పెట్టుకోకూడదు. పెట్టుకుంటే సీటు పోతుంది, సభలో కూర్చున్న ప్రతి రోజుకూ జరిమానా పడుతుంది. కరియర్‌కు భాగం ఉన్న సంస్థలు ప్రభుత్వానికి సరుకు అమ్మాయని బయటపడింది. ఆయన ఆ ఏప్రిల్‌లో రాజీనామా చేసి, ఉప ఎన్నికలో నిలబడి మళ్లీ గెలిచాడు. ఆ ఏడాది ఇలాంటి వ్యవహారంలో చిక్కుకున్నది ఆయన ఒక్కడే కాదు. అధికార పక్షం వాడైన స్పీకరు టిమతీ ఆంగ్లిన్ కూడా తన ముద్రణాలయానికి వచ్చిన ప్రభుత్వ పనుల వల్ల సీటు పోగొట్టుకున్నాడు, మళ్లీ గెలిచాడు.

ఆ రాజీనామాను కొందరు ఆయన నిజాయితీకి గుర్తుగా చెబుతారు. రాజీనామా చేయడం మంచిదే. కానీ నదికి ఇరువైపులా మిల్లులున్న ఊళ్లో, ఆ మిల్లుల పలకలతోనే ప్రభుత్వం భవనాలు కట్టుకుంటున్న రోజుల్లో, మిల్లు యజమానే ఆ ఊరి సభ్యుడైతే ఇలాంటిది జరగకుండా ఎలా ఉంటుంది? అడవులు నరుక్కోవడానికి లైసెన్సులు ఇచ్చేది ప్రభుత్వం, నదుల మీద జారుడు కాలువలు కట్టి నడిపేది ప్రభుత్వం, ఆ ప్రభుత్వంలో కూర్చున్నవాళ్లలో కలప వ్యాపారులు ఎందరో. కరియర్ మూడో భార్య హన్నా రైట్, మనం పైన చెప్పుకున్న ఫిలెమోన్ రైట్ మనవరాలు. ఆ కుటుంబానికే చెందిన అలాంజో రైట్ కూడా కలప మనిషే, ఆయనా పార్లమెంటు సభ్యుడే. ఆయన్ని 'గాటినో రాజు' అనేవాళ్లు. బంధుత్వం, వ్యాపారం, పార్లమెంటు అన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చునేవి. ఇంకో విషయం కూడా చెప్పాలి. 1879 తర్వాత డార్బీ బర్గిన్ అనే డాక్టరు, పార్లమెంటు సభ్యుడు, ఫ్యాక్టరీల్లో కూలీల రక్షణ కోసం బిల్లులు పెట్టాడు. మిల్లులు, ఫ్యాక్టరీల మీద విచారణకు ప్రభుత్వం కమిషన్ కూడా వేసింది. 1882లో నివేదిక వచ్చింది. ఆ బిల్లులు చట్టం కాలేదు. అప్పుడు అధికారంలో ఉన్నది కరియర్ పార్టీయే.

24 సస్సెక్స్ ఇల్లు హన్నా కోసం కట్టించినది. 1866లో మొదలై 1868లో పూర్తయింది. నక్షా గీసింది ఆయన సోదరుడు జేమ్స్. ఒటావా నది మీదికి చూసే కొండ చరియ, ఆయన కుర్రతనంలో పనిచేసిన న్యూ ఎడిన్‌బరో మిల్లులకు దగ్గరలోనే. దానికి వెల్ష్ భాషలో విశ్రాంతి స్థలమని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ ఇంట్లో ఆయన ఎక్కువ కాలం ప్రశాంతంగా లేడు. 1873లో మొదలైన ఆర్థిక మాంద్యం కలప వ్యాపారాన్ని కుదిపేసింది. అమెరికాలో ఇళ్లు కట్టేవాళ్లు తగ్గారు, పలకల ధరలు పడిపోయాయి. కరియర్ వ్యాపారం కూడా దెబ్బతిని కూలింది. 1882లో ఆయన్ని ఒటావా పోస్టుమాస్టరుగా వేశారు. ఒకప్పుడు మిల్లులు, పత్రిక కంపెనీ, రైలు కంపెనీల బోర్డుల్లో తిరిగిన మనిషి చివరికి జీతం ఉద్యోగంలో ఉన్నాడు. 1884లో న్యూయార్క్‌లో ఉండగా చనిపోయాడు.

హన్నా మాత్రం 1901లో తను పోయేదాకా ఆ ఇంటిని వదల్లేదు. 1902లో దాన్ని కొన్నది విలియం కామెరాన్ ఎడ్వర్డ్స్. ఆయనా కలప వ్యాపారే, ఆయనా పార్లమెంటు సభ్యుడే, తర్వాత సెనేటరు. ఆయన తర్వాత బంధువు గోర్డన్ ఎడ్వర్డ్స్ చేతికి వచ్చింది. నది ఒడ్డు ప్రజల ఆస్తిగా ఉండాలని ప్రభుత్వం 1943లో స్వాధీనం చేసుకోవడం మొదలుపెడితే ఆయన కోర్టుకెక్కాడు. 1946లో ఓడిపోయాడు, ఆ ఏడాదే పోయాడు. 1951లో లూయీ సెయింట్ లారెంట్ అక్కడ నివసించిన మొదటి ప్రధాని అయ్యాడు. అద్దె తీసుకుంటేనే ఉంటానని పట్టుబట్టాడు. దానికి ముందే ఇంటి బయటి రూపమంతా మార్చేశారు. కాబట్టి మీరు వేసిన ఫొటోలో కనిపించే ఇల్లు కరియర్ కట్టిన రూపంలో లేదు. ఫొటో కింద 1868 నాటి భవనం అని రాసేటప్పుడు ఆ మాట కూడా చేర్చాల్సింది.

34 గదుల ఆ ఇంట్లో దశాబ్దాల పాటు పెద్ద మరమ్మతు జరగలేదు. ఏ ప్రధానీ తన సొంత ఇంటి కోసం జనం డబ్బు ఖర్చు పెట్టాడన్న మాట పడటానికి ఇష్టపడలేదు. ఆస్‌బెస్టాస్, పాత కరెంటు వైర్లు, గోడల్లో ఎలుకలు. 2021లో మరమ్మతులకు 3.66 కోట్ల కెనడియన్ డాలర్లు కావాలని లెక్క తేలింది. 2015లో ప్రధాని అయిన జస్టిన్ ట్రూడో అక్కడ కాపురం పెట్టనే లేదు, రిడో హాల్ ఆవరణలోని కాటేజీలో ఉన్నాడు. 2022 చివర్లో ఇల్లు మూసేశారు. నా వృత్తి వల్ల కాబోలు, ఈ కథలో కూడా నాకు అదే కనిపిస్తుంది. ప్రమాదం ఉందని అందరికీ తెలుసు, వైర్లు మార్చాలని రిపోర్టులు చెబుతూనే ఉన్నాయి, ఎవరూ ముందుకు రారు.

కలప వ్యాపారుల గొప్పతనం గురించి రాసేటప్పుడు రెండు విషయాలు వదలకూడదు. ఒటావా లోయ అల్గాంక్విన్ జనానిది. వాళ్లు ఆ నేలను ఏ ఒప్పందంలోనూ వదులుకోలేదు. ఈరోజు ఒటావాలో ఏ సభ జరిగినా ముందు ఈ మాట చెబుతారు. ఆ పైన్ చెట్లు వాళ్ల నేల మీదివి. రెండోది రంపపు పొట్టు. మిల్లులన్నీ పొట్టును నేరుగా నదిలోకి తోసేసేవి. అది అడుగున పేరుకుని కుళ్లి, గ్యాసు పుట్టి, ఒక్కోసారి నీళ్ల మీద పేలేది కూడా. చేపలు పోయాయి. పడవలు అద్దెకిచ్చుకుని బతికే ఆంట్వాన్ రాటే అనే ఆయన తన రేవు ముందు పొట్టు మేట వేస్తోందని 1885లో పెద్ద మిల్లు యజమానుల మీద దావా వేశాడు. అప్పట్లో కెనడా కేసులకు ఆఖరి కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1890లో గెలిచాడు. పార్లమెంటులో కూర్చున్న కలప రాజుల గురించి రాసినప్పుడు ఆ పడవల రాటే గురించి కూడా రెండు వాక్యాలు రాస్తే బాగుంటుంది. నాకైతే ఆయన కథ చదివిన రోజు చాలా ధైర్యం వచ్చింది.

కరియర్‌ని దుర్మార్గుడని నేను అనడం లేదు. చేతిలో ఏమీ లేకుండా వచ్చి, పని నేర్చుకుని, ఊరిని కట్టినవాళ్లలో ఒకడయ్యాడు. దెబ్బలు తిన్నాడు. తప్పు బయటపడితే మళ్లీ జనం దగ్గరికి వెళ్లి ఓటు అడిగాడు. ఆ జీవితం పూర్తిగా చెబితే మన పాఠకులకు ఆ దేశం ఎలా తయారైందో తెలుస్తుంది. సగం చెప్పి మిగతా సగం దెయ్యానికి వదిలేయడం మీద మాత్రమే నా అభ్యంతరం.

కాబట్టి నా మనవి ఇదీ. ఆ వ్యాసం మీ వెబ్‌సైట్‌లో ఇంకా ఉంది. మానోటిక్ పేరాలో ఆన్ క్రాస్బీ పేరు చేర్చండి. 1861 మార్చిలో మూత లేని షాఫ్టుకు చిక్కి చనిపోయిందని రాయండి. 24 సస్సెక్స్ పేరాలో ఆ ఇల్లు కట్టించింది ఆమె భర్తేనని ఒక వాక్యం చేర్చండి. వేసవిలో అమెరికా, కెనడాలోని పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది మీ అనుబంధం చదివే ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకుంటారు. వాళ్లు మానోటిక్ మిల్లుకు వెళితే ఆదివారం వెళ్లమని, యంత్రం తిరుగుతుండగా చూడమని చెప్పండి. చీర కొంగు, చున్నీ జాగ్రత్తగా దోపుకుని, అక్కడివాళ్లు గీసిన గీత దాటకుండా నిలబడి చూడమని కూడా రాయండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
ఒటావా, కెనడా